గుర్తుతెలియని భాష

షార్జా, సజా రోడ్డు. జూలై నెల.
రాత్రి పన్నెండు దాటినంక
సైకిలు మీద వస్తున్న జంగిలి పోశెట్టిని పోలీసు బండి ఆపింది.
లైటు లేదని ఆపిన్రో, బతాకా చూపమని ఆపిన్రో,
చూసింది ఒక్కటే:
పోలీసాయన రొమ్ము మీద
అగ్గిపెట్టెంత కెమెరా.

కాయితంల మాత్రం ఒకటే ముక్క, గుండె ఆగింది అని.
ఎవలు సచ్చినా ఆగేది గుండెనే గద.
ఎట్ల ఆగిందో చూపుమని నేనడిగిన.

టైపింగ్ సెంటర్ల అరవై ఐదు దిర్హములిచ్చి
మొదటి అర్జీ కొట్టిచ్చిన.
చుట్టరికం ఏందన్నడు మలబారాయన.
పై మంచం ఆయనది, కింది మంచం నాది అన్న.
ఆ గడిల అసుంటి చుట్టం లేడట.
తమ్ముడని రాయమన్న.
ఇంటిపేర్లు కలువలే. అర్జీ వాపసొచ్చింది.

మాకు సెలవున్న శుక్రారం ఆఫీసుకు గుడ సెలవే.
వేరే దినం పోతే రెండు దినాల జీతం కోస్తరు.
తొమ్మిదిసార్లు పోయిన, లెక్క మీరే కట్టుకోండి.
పోయినప్పుడల్లా బుక్రా అన్నరు.
బుక్రా అంటే రేపని
నాకంటె ముందు వచ్చినోళ్ళు నేర్పిన్రు గని
ఏ రేపో చెప్పలే.

గంగామణి వేలిముద్ర
మెట్‌పల్లిల బయలెల్లి, హైదరాబాదు, ఢిల్లీ తిరిగి,
నీలం ముద్ర, ఎర్ర ముద్ర, పచ్చ ముద్ర మీదేసుకొని
మా రూముకు వచ్చేసరికి
అండ్ల ఆమె వేలు యాడుందో నాకు దొరకలే.

ఆర్నెల్లకు జవాబొచ్చింది, అరబ్బీల.
సూడాన్ ఇద్రీస్ మసీదు మెట్ల మీద కూసొని
వచ్చీరాని హిందీల చదివి చెప్పిండు:
“పదకొండు నిమిషాల వీడియో చూసినం.
పనికొచ్చేది ఏం లేదు.
మనిషి గుర్తుతెలియని భాషల ఏదో అన్నడు.”
మళ్ళ చదువుమన్న.
మళ్ళ అదే ఉన్నది.

గుర్తుతెలియని శవం అంటే విన్న,
గుర్తుతెలియని బండి గుద్దిందంటే విన్న.
భాష గుడనా?

ఆ పెట్టె తెరిసేటోళ్ళకు ఆ మాట తెల్వది.
ఆ మాట తెలిసినోనికి ఆ పెట్టె తెరువరు.

దూప అన్నడేమో.
రెండక్షరాలు.
బండిల నీళ్ళ సీసా ఉండే ఉంటది.
అడిగింది సమజైతే ఆ పోలీసాయననే తాపుతుండెనేమో,
నేను ఆయన మీద నేరం మోపుతలేను.
గంగామణి ఫోన్ల వేరేది అడుగుతది:
“నా పేరు గిట్ల తీసిండా?”
తియ్యకున్నా తీసిండనాలె నేను.
అబద్ధం ఎంతసేపు, అనొచ్చు.
నిజం అక్కడ కరెంటు కింద చల్లగ ఉండంగ
నోరు రాదు.

రెండో అర్జీల బొమ్మ వద్దన్న.
మొఖాలు నల్లగ పూసుకోండి, బండి నంబరు చెరుపుకోండి,
చప్పుడు ఒక్కటి ఇయ్యుండి.
అదీ కాదంటే నన్ను పిలువుండి,
మీ ముందటనే విని, మీ భాషల మీకే చెప్పి పోత.
కూలి వద్దు.

బుక్రా.

నిన్న ఆఫీసు గేటు కాడ కొత్త పోలీసు పిలగాడు,
మీసం ఇంకా సరిగ రాలే.
రొమ్ము మీద ఎర్ర చుక్క వెలుగుతున్నది.
ఎదురుంగ పోయి నిలవడ్డ.
ఆయన మొఖం దిక్కు కాదు, ఆ చుక్క దిక్కు చూసుకుంట
తెలుగుల చెప్పిన:
“పోశెట్టీ, నీ పెట్టె తాళంచెవి నా తాననే ఉన్నది.
సైకిలు బంగ్లా పిలగానికి ఇచ్చిన.
దానికి లైటు పెట్టిచ్చిన.”
“క్యా బోల్తా?” అన్నడు.
కుచ్ నై అన్న.

రేపు మళ్ళ అరవై ఐదు దిర్హములు.
నిన్నటి వీడియో కావాలని అర్జీ పెడుత.
చుట్టరికం గడిల ఏం రాయాలె అని మలబారాయన అడిగితే
ఈసారి చెప్పొస్తది నాకు:
అండ్ల మాట్లాడింది నేనే,
ఎడ్ల రాజలింగు.
భాష పేరు గుడ రాయమంట.